రెప్పపాటులో సగం

సరస్సు మీద మంచు జానెడు మందం కట్టింది.
యువాస్క్యులాలో మూడింటికే పొద్దుగూకింది.
నేల కింద, కాంక్రీటు గోడల వెనక
పలచటి యురేనియం రేకు మీద
ప్రోటాన్ల వాన
తెరిపి లేకుండా కురుస్తోంది.

హిల్పా కుర్చీలో కాళ్ళు ముడుచుకుని
తెర వంక చూస్తోంది.
ఉన్ని మేజోడుకి మడమ దగ్గర చిరుగు.
తెర మీద ఏమీ లేదు.
ఇంకా ఏమీ లేదు.

పగిలిన యురేనియంలోంచి వందల రకాల ముక్కలు.
అయస్కాంతం ఒక్కొక్కదాని బరువూ చూసి
జల్లెడ పడుతుంది.
ఆమెకి కావలసింది ఒక్కటే,
గంటకి రెండో మూడో రాలే రకం,
పేరుకి బదులు ఒక అంకె ఉన్నది,
న్యూట్రాన్లు కిక్కిరిసి
మంది ఎక్కువై మజ్జిగ పలచనైన కొంప.
అందులో ఎవరో ఒకరు వేషం మార్చక తప్పదు.
ఒక న్యూట్రాన్ ప్రోటాన్ అయి కూర్చుంటుంది.
ఒక ఎలక్ట్రాన్ గుమ్మం దాటి దూకుతుంది.
దాని వెంటే మరొకటి, ఎవరి కంటా పడనిది,
గోడల్నీ సరస్సునీ భూగోళాన్నీ
పలకరించకుండానే దాటుకుపోతుంది.

అంతా రెప్పపాటులో సగం.
ఆ సగాన్ని కొలవడానికి
ఆమెకి నాలుగో ఏడు నడుస్తోంది.

అర్ధరాత్రి ఉర్హో వస్తాడు,
నైట్రోజన్ డబ్బాని తోపుడుబండి మీద నెట్టుకుంటూ.
జెర్మేనియం డిటెక్టర్లకి దాహం ఎక్కువ,
పూటపూటా చలి తాగించాలి.
ముప్పై ఒక్క ఏళ్ళుగా తాగిస్తున్నాడు.
ఏప్రిల్‌తో సరి.
తెల్లటి ఆవిరి అతని కాళ్ళ చుట్టూ
పిల్లిలా ఒకసారి రుద్దుకుని మాయమవుతుంది.

"ఎన్ని?"
"ఏడు."
ఏలకుల రొట్టె విరిచి పెద్ద ముక్క ఆమెకిచ్చాడు.
ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది
ఇవాళ అడిగాడు:
"ఎంతసేపు బతుకుతాయవి?"
"ఓ అరవై మిల్లీసెకన్లలో సగం పోతాయి.
మిగిలినవాట్లో సగం ఇంకో అరవైలో."
"ఆ తర్వాత మిగిలినవి ముసలివవుతాయన్నమాట."
"కావు. వాటికి ముసలితనం లేదు.
ఎంత గడిచినా ఒంటికి అంటదు.
ఇప్పుడే పుట్టినదీ,
అందరూ పోయాక మిగిలినదీ
ఒకటే ఈడు.
పోయేదాకా కొత్తదే."
ఉర్హో కాసేపు రొట్టె నమిలాడు.
"ఈ మాట నా మోకాళ్ళకి చెప్పు," అన్నాడు.

టేపు కిర్రుమని ఒక మూర ముందుకి జరిగింది.
పోయినవాటి పిల్లలకీ నిలకడ లేదు,
వాటి చప్పుడు దీని చప్పుడులో కలవకూడదు.
అందుకని టేపు వాటిని మోసుకుపోయి
సీసం గోడ వెనక వదిలేస్తుంది.
అక్కడ అవీ, వాటి పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ
ఎవరూ లెక్కపెట్టకుండా
మెల్లగా నెమ్మదిస్తాయి.

నాలుగూ పదికి
ఇంతకుముందు రెండు చుక్కలు పడ్డ చోటే
మూడోది పడింది.
హిల్పా కేక వెయ్యలేదు.
పెన్సిల్‌తో టైము రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టి
ఊపిరి తీసుకోవడం అప్పుడు గుర్తొచ్చి, తీసుకుంది.
ఎవరికైనా చెప్పాలనిపించింది.
ఉర్హో ఎప్పుడో వెళ్ళిపోయాడు,
స్లెడ్జి మీద ఒక కాలు ఆన్చి
రెండో కాలితో మంచుని తన్నుకుంటూ
సరస్సుకి అడ్డంపడి.

ఆరింటికి షిఫ్టు దిగే ముందు
నైట్రోజన్ డబ్బా మెడకి పట్టిన నురుగుమంచులో
వేలితో రాసింది: 11.
మధ్యాహ్నం అతను వచ్చేసరికి
అది ఉంటుందో లేదో.
కోటు తొడుక్కుని తలుపు దాకా వెళ్ళింది.
ఆ తొమ్మిదోది, రెండింటప్పుడు వచ్చినది,
ఉత్త గోలేమోనని
అప్పటి నుంచీ అనుమానం.

వెనక్కి వచ్చింది.
అరచేత్తో తుడిచి
మళ్ళీ రాసింది:
10.